మందు సర్కారుది, మంచ మెవ్వరిది?

రోగికి వైద్యము చేయించుట ప్రభుత్వము పని యనియు, రోగికి పరిచర్య చేయుట యింటివారి పని యనియు మనలో నొక సిద్ధాంతము స్థిరపడి యున్నది. శాసనసభలోని మంత్రులు మొదలుకొని రచ్చకట్టమీది పెద్దలవరకు దీనిని శంకించువారు అరుదు. వినుటకు నింపుగానే యుండును. ఈ సిద్ధాంతము శాస్త్రమునకు విరుద్ధ మనియు, న్యాయమునకు విరుద్ధ మనియు, దీనిచాటున మన కర్నూలు కడప జిల్లాలలో ఆడువారి బ్రదుకులును ఆడుపిల్లల చదువులును మంచపుకోళ్లకు కట్టివేయబడుచున్నవనియు మేము చెప్పదలచియున్నాము.

పత్తికొండ ప్రాంతమున నేబదియేండ్ల సేద్యగాడు పొలములో పక్షవాతము తగిలి పడిపోయె ననుకొనుడు. 108 అంబులెన్సు వచ్చి అతనిని కర్నూలు పెద్దాసుపత్రికి చేర్చును. అచ్చట సూదులు, స్కానింగు, సెలైను, మాత్రలు సర్కారు ఖర్చుమీదనే జరుగును. ఈ యుపకారమును మేము తక్కువచేసి మాటాడము. 2007లో అనంతపురము మొదలగు మూడు జిల్లాలలో ఆరోగ్యశ్రీ యారంభమగుటకు పూర్వము, పెద్దరోగము వచ్చిన పేదవాడు చెక్కభూమి యమ్ముకొనుటయో, ఆశ వదలుకొనుటయో చేయుచుండెను. ప్రభుత్వములు మారినప్పుడెల్ల ఆ పథకమునకు పేరు మారుచున్నది, ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ యనుచున్నారు. పేరేదైనను మందు మందే.

పండ్రెండవనాడో పదునైదవనాడో డాక్టరుగారు ఇక నింటికి తీసికొనిపొం డని చీటి వ్రాసి యిత్తురు. ఆయన మాటలో తప్పులేదు. మందు చేయవలసినది చేసినది. కాని రోగికి కుడిప్రక్క పడిపోయి యున్నది, మాట రాదు, మ్రింగుట కష్టము, మూత్రపు గొట్టము తగిలించియే యున్నది. అతడెట్లు పోవును? కాన్పునకు వచ్చిన తల్లిని బిడ్డతోగూడ నిల్లు చేర్చుటకు తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్సు కలదు. చనిపోయినవానిని చేర్చుటకు మహాప్రస్థానము బండి కలదు. సగము చచ్చి సగము బ్రదికినవానికి, మేము చూచినంతవరకు, ఆటోయే గతి.

రాజ్యాంగమునందలి ఏడవ షెడ్యూలులో రాష్ట్రముల జాబితాను విప్పిచూచిన నీ వింతకు మూలము కొంత కనబడును. ఆరవ పద్దున ప్రజారోగ్యము, పారిశుద్ధ్యము, ఆసుపత్రులు, డిస్పెన్సరీలు ఉన్నవి. అశక్తులకును పనిచేయజాలనివారికిని సహాయ మనునది తొమ్మిదవ పద్దు. రెండును రాష్ట్రప్రభుత్వపు పనులే. నడుమ నేడవ పద్దున తీర్థయాత్రలు, ఎనిమిదవదానియందు మత్తుపానీయములు. తొమ్మిదవదానిని దాటగానే పదియవ పద్దున శ్మశానములు. వ్రాసినవారి కట్టి యూహ లేకపోవచ్చును గాని, ఆ వరుసను చదివినప్పుడు మాకు నవ్వును ఏడుపును గూడ వచ్చినవి. మన సేద్యగాడు ఆసుపత్రి గేటు దాటిన నిమిషమున ఆరవ పద్దునుండి తొమ్మిదవ పద్దులోనికి జారిపోవును. గేటులోపల నతడు రోగి, గేటు బయట నర్జీదారు. లోపల నతని శరీరమునకు డాక్టరు, నర్సు, ఔషధశాల. బయట నొక పింఛను కాగితము.

హక్కులును గేటు వద్దనే యాగిపోవుచున్నవి. రైలునుండి పడి తలకు దెబ్బతగిలిన యొక కూలివానిని కలకత్తాలో ప్రభుత్వాసుపత్రులు పడకలు లేవని వరుసగా త్రిప్పిపంపగా, 1996లో సుప్రీంకోర్టు పశ్చిమబంగ ఖేత్ మజ్దూర్ సమితి వ్యాజ్యమున, అత్యవసరవైద్యము చేయకపోవుట జీవించు హక్కునకు భంగమని తీర్పు చెప్పినది. మంచితీర్పు. కాని యా హక్కుచేత బ్రదికింపబడినవాడు మూడునెలల పిమ్మట వీపున పడకపుండ్లు కుళ్లి చచ్చినచో, ఎవ్వని హక్కునకును భంగము కలిగినట్లు మనమెవ్వరమును తలపము. విధి యనుకొందుము.

అది విధి కాదు. కదలలేనివానిని రెండేసి గంటల కొకమారు ప్రక్కకు త్రిప్పవలెను. త్రిప్పనిచో తుంటియొద్దను మడమలయొద్దను చర్మము చీకి పుండగును. ముక్కుగొట్టమున గంజి పోయునప్పుడు తల యెత్తిపట్టవలెను. లేనిచో నది యూపిరితిత్తులలోనికి పోయి జ్వరము తెచ్చును. మూత్రపు గొట్టమును శుభ్రముగా నుంచవలెను, పడిన చేతిని దినదినము సాగదీయవలెను. ఇవన్నియు విద్యలు. నర్సులకు సంవత్సరములతరబడి నేర్పు విద్యలు. ఆసుపత్రిలో వీనిని చేసిన వైద్యమనుచున్నాము, జీతమిచ్చుచున్నాము. ఇంటిలో కోడలు చేసిన కుటుంబ మనుచున్నాము. పని యొక్కటే, పేరు మారినది, పేరుతో జీతమును హక్కును మాయమైనవి. ఆసుపత్రిలో ననుటయు పూర్తిగా నిజము కాదు. మన ధర్మాసుపత్రులలో చేర్చునప్పుడే రోగివెంట నొకరుండవలె నని చెప్పుదురు. ఆ యొకరే మంచముక్రింద పడుకొని, సెలైను సీసా కనిపెట్టి, మలమూత్రము లెత్తి, స్కానింగుకు బండి త్రోయుదురు. కాబట్టి సరిహద్దు గేటు వద్దగూడ లేదు. వార్డులో మంచమునకును నేలకును నడుమనే యున్నది.

ప్రాచీనులకు నర్సులు గూడ నుండిరా యని మమ్ము పరిహసింపబోవువారు చరకసంహితలో సూత్రస్థానపు తొమ్మిదవ యధ్యాయమును చూడవలెను. చికిత్సకు నాలుగు పాదములని అందు చెప్పబడినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు. పరిచారకునకు ఉపచారము తెలిసియుండవలెను, నేర్పుండవలెను, రోగియందు ప్రీతి యుండవలెను, శుచిత్వముండవలెను. ప్రీతి నాలుగింటిలో నొకటి మాత్రమే యని గమనింపుడు. ప్రీతి యున్న చాలును, తక్కినవి వానియంతట వచ్చునని చరకు డనలేదు. మనము మాత్రము ఆ మాటమీదనే రాజ్యము నడపుచున్నాము. పరిచారకుడు వైద్యమునకు వెలుపలి వాడని ఆయుర్వేదమున నెక్కడను లేదు. ఆ పాదమును విఱిచి తొమ్మిదవ పద్దులో పారవేసినది నవీనుల లెక్కపుస్తకములే.

ఇంతకంటె దగ్గరి సాక్ష్యము మన కర్నూలు జిల్లాలోనే రాతిమీద నున్నది. గుత్తినుండి పత్తికొండకు పోవు త్రోవలోని ఎఱ్ఱగుడి గుట్టపై అశోకుని శాసనములు చెక్కబడి యున్నవి. వానిలో రెండవది మనుష్యులకును పశువులకును చికిత్స లేర్పరచుటను, లేనిచోట ఓషధులు తెప్పించి నాటించుటను, త్రోవలయందు బావులు త్రవ్వించి చెట్లు పెట్టించుటను ఒకే గ్రుక్కలో చెప్పుచున్నది. అయిదవదియైతే ధర్మమహామాత్రు లను నుద్యోగులు దిక్కులేనివారి యొక్కయు, వృద్ధుల యొక్కయు మేలు చూడవలె నని యాజ్ఞాపించుచున్నది. రాజుగారి దయ వేఱు, ప్రజల హక్కు వేఱని మే మెఱుగుదుము. అశోకుని కాలము మరల రావలె ననుట మా యుద్దేశము కాదు. మందును నీడను రెండు కచేరీలకు పంచిపెట్టవలె నను బుద్ధి యా రాతిని చెక్కించినవానికి పుట్టలే దని మాత్రమే మా మాట.

ఆ బుద్ధి యెప్పుడు పుట్టినదో మన సీమలోనివారికి బాగుగనే తెలియవలెను. 1876-78 నాటి ధాత కరవులో సర్ రిచర్డ్ టెంపుల్ కరవుపనులు చేయు పురుషునకు దినమునకు పౌను ధాన్యము చాలునని కొలత పెట్టెను. మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్యాధికారి కార్నిష్ అను వైద్యుడు, ఆ కొలతతో కూలివారు క్షీణించి రోగములపాలగుదు రని వాదించెను. కార్నిష్‌గారి దృష్టిలో అన్నము వైద్యములో భాగము. టెంపుల్‌గారి దృష్టిలో నది ఖజానాపద్దు. మద్రాసు ప్రభుత్వము 1877లో కూలి హెచ్చించినది గాని యంతలోనే జరుగవలసినది జరిగిపోయినది. 1871 జనాభాలెక్కలను 1881 లెక్కలతో పోల్చిచూచిన కర్నూలు జిల్లాలో సుమారు నాలుగవవంతు జనము తగ్గిపోయినది. అన్నము వైద్యమగునా కాదా యను ప్రశ్నకు మన పూర్వులు ప్రాణములతో వెలయిచ్చిరి. ఇంత జరిగిన పిదప, 2018లో కేంద్రప్రభుత్వము క్షయరోగికి ఆహారము నిమిత్తము నెలకు 500 రూపాయ లీయ మొదలుపెట్టి, 2024 నవంబరునుండి దానిని 1000 చేసినది. క్షయరోగి విషయమున అన్నము మందని యొప్పుకొన్న ప్రభుత్వము, పక్షవాతరోగి విషయమున పరిచర్య మందని యేల యొప్పుకొనదు?

మన వారి సమాధానము సిద్ధముగా నున్నది: తలిదండ్రులను చూచుకొనుట బిడ్డల ధర్మము, సర్కారున కేమి సంబంధము? చట్టమును నీ మాటనే యందుకొన్నది. 2007లో తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమముల చట్టము వచ్చినది. దానిని చదువక పొగడువారు పలువురు. చదివిన పిమ్మట పొగడుట కష్టము. పోషణ మనగా అన్నము, వస్త్రము, నివాసము మాత్రమే కాదు, వైద్యసహాయమును చికిత్సయు గూడ నని రెండవ సెక్షను నిర్వచించుచున్నది. అనగా ఆరవ పద్దులో నుండవలసిన వైద్యము గూడ నిచ్చట బిడ్డల నెత్తికి వచ్చినది. బిడ్డలు చెల్లింపనిచో ఆర్.డి.ఓ. గారి ట్రిబ్యునలు నెలకు పదివేల రూపాయలకు మించకుండ నాజ్ఞ వేయవచ్చును. వృద్ధులను విడిచిపెట్టినవారికి మూడునెలల జైలు. మంచిదే. మఱి ప్రభుత్వము తన కేమి విధించుకొన్నది? జిల్లాకొక వృద్ధాశ్రమము, నూటయేబదిమంది దిక్కులేనివారికి చాలునట్లు, స్థాపింప *వచ్చును*. ఆసుపత్రులలో వృద్ధులకు పడకలు *సాధ్యమైనంతవరకు* చూపవలెను. బిడ్డలకు జైలు, సర్కారునకు సాధ్యమైనంతవరకు! వ్యాకరణము చెప్పి బ్రదుకువారమగుటచే క్రియాపదములను విడువలేకున్నాము: ఈ చట్టమున విధ్యర్థకమంతయు ప్రజలకు, సంభావనార్థకమంతయు ప్రభువులకు.

అదే సెక్షనున బిడ్డలనగా కొడుకు, కూతురు, మనుమడు, మనుమరాలు అని యున్నది. మైనర్లు కా రని యున్నది. కోడలి పేరు లేదు. ఇప్పుడు మన యిండ్లలోనికి తొంగిచూడుడు. ముసలియత్తకు నీళ్లు పోయునది ఎవరు? మామగారి గుడ్డలు మార్చునది ఎవరు? చట్టమునం దెవరి పేరు లేదో వారే. కొడుకునకు ధర్మము, కోడలికి పని. కొడుకు నలుగురిలో తండ్రిని చూచుకొనుచున్నాడని పేరుపొందును. ఆమె రాత్రి రెండుమారులు లేచి త్రిప్పినది లెక్కకు రాదు. సంస్కారప్రియు లనుకొను మన యిండ్లలోను నిట్లే జరుగుచున్నదని మేము నిర్భయముగా చెప్పగలము. బాల్యవివాహమును ఖండించితిమి, స్త్రీవిద్యను కొనియాడితిమి, బి.ఎస్‌సి. చదివిన కోడలు ఉద్యోగము మానుకొనినప్పుడు ఆమె యెంత మంచిదో యని మెచ్చుకొంటిమి.

పేదలయిండ్లలో కోడలు గూడ నుండదు. ఆదోని, కోసిగి ప్రాంతములలో వాన తప్పిన యేడు, తప్పని యేడు గూడ, జనము సుగ్గికి పోవుదురు. గుంటూరు సీమలో మిరపకాయలు కోయుటకు లారీలలో నెక్కి నెలలతరబడి పోవుదురు. తాళము వేసిన యిండ్లు, తాళము వేయుటకు వీలులేని యిండ్లు అని యా యూళ్లలో రెండువిధములు. రెండవవిధపు ఇంటిలో మంచముమీద నొక ముసలిది యుండును, ఆమెతో నొక పిల్ల యుండును. మా తరగతిలో లెక్కలలో నెప్పుడును ముందుండిన యొక బాలిక సంక్రాంతి సెలవుల పిమ్మట బడికి రాలేదు. విచారింపగా, అవ్వకు తుంటియెముక విఱిగినది, ఆపరేషను సర్కారు ఖర్చుమీద నయినది, తలిదండ్రులు సుగ్గికి పోయినారు. మేము పోయి బడికి రమ్మని చెప్పగా ఆ పిల్ల మమ్ముల నెదురు ప్రశ్నించినది: "నేనొస్తే అవ్వను ఎవరు జూసుకుంటారు సార్?" ఆరవ పద్దున దీనికి సమాధానము లేదు. తొమ్మిదవ పద్దున లేదు. 2007 నాటి చట్టమునుబట్టి మైనరగు మనుమరాలికి బాధ్యతయే లేదు. బాధ్యత లేని యా పిల్లయే చేయుచున్నది, బాధ్యత గలవా రందఱును సాధ్యమైనంతవరకు చేయుచున్నారు.

పింఛను లేదా యని యడుగుదురు. ఉన్నది. 2024 జూలైనుండి మన రాష్ట్రమున పక్షవాతముచే మంచమునకో చక్రముల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయ లిచ్చుచున్నారు. ఈ సొమ్ము చిన్నది కాదు, ఇచ్చినవారిని అభినందింపవలసినదే. కాని డబ్బు చేతులను కొనవలెనన్న చేతులు దొరకవలెను గదా. పల్లెలో పరిచర్య నేర్చిన మనిషి ఎచ్చట దొరకును? 2025లో అనర్హులను తొలగింపదలచి ప్రభుత్వము ఇట్టి పింఛనుదారుల యిండ్లకు వైద్యబృందములను పంపినది. దొంగపింఛనులను పట్టుటకు మే మడ్డు చెప్పము. అయితే మంచము పట్టినవాని గుమ్మమువరకు డాక్టరు వచ్చుటకు మార్గము కల దని దీనివలన తేలినది గదా! డాక్టరు వచ్చెను, కాలెత్తించెను, చేయెత్తించెను, ఇతడు నిజముగా లేవలేడా యని చూచి వ్రాసికొని పోయెను. లేవలేడని తేలినవానికి తరువాతి వారమున నర్సు వచ్చుట యను నేర్పాటు మాత్రము ఆ కాగితములలో లేదు. కొలుచుటకు వచ్చిన వైద్యము కడుగుటకు రాదు.

2023లో ఫ్యామిలీ డాక్టరు పథకమున మంచము పట్టినవారి యిండ్లకు డాక్టర్లు పోవలె నని వ్రాసిరి. అంతకు ముందు 2019లో ఆరోగ్య ఆసరా యను పేర ఆపరేషనైన పిదప విశ్రాంతికాలమునకు దినమునకు 225 రూపాయల చొప్పున నిచ్చుట మొదలిడిరి. ఇట్టి తలంపులు మంచివే. కాని పథకమనునది ప్రభువుల చిత్తము. ఎన్నికకు ఎన్నికకు పేరును రంగును ఫోటోయు మారును. పథకము తప్పినచో రోగి దండము పెట్టవలెను. చట్టము తప్పినచో దావా వేయవచ్చును.

ఇది మనకు మాత్రమే వచ్చిన చిక్కు కాదు. ఇంగ్లండులో 1948 జూలై 5వ తేది నాడు రెండు చట్టము లొక్కమారుగా నమలులోనికి వచ్చినవి. ఒకదానివలన వైద్య మందఱికి నుచితము, రెండవదానివలన వృద్ధుల నివాసమును పరిచర్యయు స్థానికసంస్థల పాలై, స్తోమతుగలవారు సొమ్ము చెల్లింపవలసినదైనది. నాటినుండి యీ మనిషి రోగియా, సంరక్షితుడా యను తగవు తెగుట లేదు. రోడ్డుప్రమాదమున చేతులు కాళ్లు పడిపోయిన పమేలా కాగ్లన్ అను నామె వ్యాజ్యమున 1999లో అప్పీలుకోర్టు, నివాసమునకు అనుబంధముగా నుండు కొద్దిపాటి నర్సింగు మాత్రమే స్థానికసంస్థది, అంతకు మించిన యవసరము వైద్యశాఖదే యని గీత గీచినది. అచ్చట గీతకు ఆవల సొమ్మిచ్చి కొనదగిన పరిచర్య యైనను కలదు; మనకు గీతకు ఆవల శూన్యము. జర్మనీ 1995లోను, జపాను 2000లోను పరిచర్యకే ప్రత్యేకమగు భీమా నేర్పరచుకొన్నవి. ఐశ్వర్యవంతుల మాట మన కేల యందురా? కేరళము 2008లోనే ఉపశమనవైద్యవిధానమును ప్రకటించి, పంచాయతీలద్వారమున నర్సులను మంచము పట్టినవారి యిండ్లకు పంపుచున్నది. తమిళనాడు 2021లో ఇంటివద్దనే వైద్యము, వ్యాయామచికిత్స యను పథకమును కృష్ణగిరిజిల్లాలో నారంభించినది. కృష్ణగిరి మన చిత్తూరు పొలిమేరను ఆనుకొనియే యున్నది.

ఇట్లు చేసిన బిడ్డలు ధర్మము విడుతు రని భయపడువారికి ఒక్కమాట. బడి పెట్టినందున తండ్రులు బిడ్డలకు బుద్ధి చెప్పుట మానలేదు. ఆసుపత్రిలో కాన్పులు జరుగుచున్నందున తల్లులు కూతుళ్లను పుట్టింటికి పిలుచుట మానలేదు. నర్సు వచ్చి పుండు కడిగి, త్రిప్పుట నేర్పి పోయిన దినమున కొడుకు తండ్రిప్రక్కన కూర్చుండి మాటాడుటకు కొంత తీరిక చిక్కును. ఒంటరిగా నాలుగేండ్లు మోసిన చేతులలో ప్రేమ మిగులుట యెంత కష్టమో మోసినవారు చెప్పుకొనరు. చెప్పుకొనుటకు మనము వారికి సందీయలేదు.

మే మడుగునది గొంతెమ్మకోరిక కాదు. ఆసుపత్రినుండి పంపివేయుచీటితో పాటు, ఇంటివద్ద జరుగవలసిన పరిచర్య యేమో, దాని నెవరు చేయుదురో వ్రాసిన చీటి రోగి హక్కుగా నుండవలెను. గ్రామసచివాలయమున ఏ.ఎన్.ఎం. ఉన్నది, ఊరిలో ఆశా కార్యకర్త యున్నది. వారి నెత్తిన మఱియొక యుచితసేవ మోపక, దానికి తగిన శిక్షణయు జీతమును వేఱుగ నిచ్చి పంపవలెను. ఇంటిలో పరిచర్య చేయునామెకు పరిచర్య నేర్పవలెను, ఆమె పేరనే భృతి చెల్లింపవలెను. ఈ చివరిదానికి క్రొత్తచట్టము గూడ నక్కఱలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున 24వ సెక్షనులో, అధికసహాయము కావలసినవారికి పరిచారకభృతి యను మాట స్పష్టముగా నున్నది. దానికి ముందు ప్రభుత్వపు ఆర్థికశక్తికి లోబడి యను మాటయు నున్నది; ఆ శక్తి యెంతయో శాసనసభలో చెప్పించుకొనుట మన ప్రతినిధుల పని. కలెక్టరు కచేరియందు ప్రతి సోమవారము ప్రజల యర్జీలు పుచ్చుకొనుచున్నారు. మన జిల్లాలలో మంచము పట్టినవారి యింటనుండి యొక్కొక్క యర్జీ, ఆ సెక్షను అంకెయు, పరిచర్య చేయుచున్న స్త్రీ పేరును వ్రాసి, ఈ నెలలోనే పోవలెను. అర్జీదారు పేరు వ్రాయుచోట రోగిపేరు గాక ఆమె పేరే ముందుండవలెను.